చెప్పుల్లేని కొడుకు

సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులున్నాయి. కామారెడ్డిలో జాకెట్లు కుట్టేవాళ్లకు తిండికి కూడా తీరిక దొరకని రోజులు. అలాంటి గురువారం నాడు, మధ్యాహ్నం మూడింటికి, సాయిలత మిషను ఆపి ఊరికే కూర్చుంది. ఒక చెయ్యి అతికించి, రెండో చెయ్యి అతికించకుండా వదిలేసిన ఆకుపచ్చ జాకెట్టు సూది కిందే ఉంది. ఎదురుగా చాప మీద బాలకృష్ణ ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. గోడకు ఆనుకుని నిహారిక ఏడుస్తోంది. ఏడవడం మొదలుపెట్టి రెండు రోజులైంది కాబట్టి ఇప్పుడు చప్పుడు కూడా రావడం లేదు.

ఆ గదిని అందరూ అర్ర అంటారు. స్టేషనుకు దగ్గర్లో, సైకిళ్ల దుకాణం పైన, ఒకే కిటికీ ఉన్న గది. సాయిలత కుట్టేదీ, వండుకునేదీ, పడుకునేదీ అందులోనే. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మిషనును గోడకు జరిపి చాపలు పరుస్తుంది. మగపిల్లల మీద మనసైన మగపిల్లలు, ఆడపిల్లను ప్రేమించి ఇంట్లో చెప్పలేక సతమతమయ్యే ఆడపిల్లలు, పుట్టినప్పుడు ఊరు పెట్టిన మగ పేరును సాయిలతలాగా ఊళ్లోనే వదిలేసి వచ్చినవాళ్లు ఆ చాపల మీద కూర్చుంటారు. జుక్కల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ గుంపుకు వేరే పేరంటూ పెట్టుకోలేదు. ఫోన్లో కూడా ‘అర్ర’ అనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు చూసినా కిరాయి గది సంగతేదో అనుకుంటారు. జీతాలు లేవు, బోర్డు లేదు. మొన్నటిదాకా పేజీలో వాళ్లను తిట్టినవాళ్లూ లేరు.

పోయిన ఆదివారం, పండుగ మొదటి రోజు ఎంగిలిపూల నాడు, అర్రలోనే బతుకమ్మను పేర్చారు. పేర్చింది శ్రావణ్. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణంలో పనిచేసే పిల్లవాడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. ఆరు నెలలుగా వస్తున్నా నోరు తెరిచి నాలుగు మాటలు కలిపి మాట్లాడింది లేదు. గునుగుపూల కాడలు సమంగా కత్తిరించి, వరస మీద వరస తంగేడు పేర్చి, చివర్న గౌరమ్మను నిలబెట్టాక, ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకున్నాడు. అది వాళ్ల నానమ్మ పెద్దవ్వ పాట. పెద్దవ్వ పోయి ఏడాదైంది.

“చెరుకు తోట గట్టు మీద ఉయ్యాలో
చెప్పుల్లేని కొడుకు నడిచె ఉయ్యాలో
ముల్లు గుచ్చుకున్న గాని ఉయ్యాలో
మూతి విప్పి చెప్పడాయె ఉయ్యాలో”

పెద్దవ్వ పాటలో ‘చెప్పుల్లేని కోడలు’ అని ఉంటుందట. శ్రావణ్ కొడుకు అన్నాడు. మార్చింది ఆ ఒక్క మాటే. అర్రలో ఉన్న తొమ్మిది మందీ చప్పట్లు ఆపేశారు, ఎవరి ముల్లు వాళ్లకు గుర్తొచ్చింది.

నిహారిక దాన్ని ఫోన్లో తీసింది. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది, అర్రకు ఇన్‌స్టాలో ఉన్న పేజీ చూసేది ఆమే. పెట్టేముందు చేయాల్సిన జాగ్రత్తలన్నీ చేసింది. శ్రావణ్ ముఖం మీద బంతిపువ్వు బొమ్మ అతికించింది, మిగతా ముఖాల మీదా అతికించింది. కిటికీ కనబడే ముక్క కోసేసింది. కింద సైకిలు బెల్లు మోగితే అది కూడా వినబడకుండా తీసేసింది. శ్రావణ్‌కు చూపిస్తే సిగ్గుగా నవ్వి తల ఊపాడు. “పెట్టాల్నా అక్కా?” అని అడిగితే సాయిలత పళ్లతో దారం తెంపుతూ అంది, “పెట్టు బిడ్డా. మొఖం కనవడ్తలేదు గదా.”

ముఖం దాస్తే మనిషి దాగినట్టే అనుకున్నారు. పాటకూ ముఖం ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. పెద్దవ్వ పాట పెద్దవ్వ ఉన్న వాడకట్టులో తప్ప ఇంకెక్కడా లేదు. సోమవారం పొద్దెక్కేసరికి ఆ రీలు ఎల్లారెడ్డి పక్కనున్న వాళ్ల ఊరి ఆడవాళ్ల ఫోన్లలో ఉంది.

శ్రావణ్ తన భయాన్ని హైదరాబాదులో ఉన్న ఒక్క స్నేహితుడికి చెప్పుకున్నాడు. ఆ తర్వాత అతని ఫోను మూగబోయింది. స్నేహితుడికి కోపమొచ్చింది. ఇన్‌స్టాలో అతని వెనక ముప్పై వేల మంది ఉన్నారు. బుధవారం అతను రాశాడు: కామారెడ్డి గ్రూపు ఒక పిల్లవాణ్ణి బజారున పడేసింది, దీనికి ఎవరు జవాబుదారీ? పేరు రాయలేదు, అంతవరకు బుద్ధిమంతుడే. వెనకున్న ముప్పై వేల మంది మాత్రం మీద పడ్డారు. అడ్మిన్ ఎవరు? ఇంకా తప్పుకోలేదా? మౌనం కూడా హింసే. రేపు సాయంత్రంలోగా ప్రకటన రావాలి.

ఆ ప్రకటనే ఇప్పుడు బాలకృష్ణ రాస్తున్నది. అతను ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాడు, మాటలు పేర్చడం వచ్చినవాడు. రాసింది పైకి చదివాడు.

“మా సభ్యుడొకరు తన నానమ్మ పాడే బతుకమ్మ పాటలో కోడలు అనే మాటను కొడుకుగా మార్చి తన వేదనను పాడుకున్నారు. ఆ పాట ఆధారంగా ఎల్లారెడ్డి ప్రాంతంలోని ఆయన గ్రామస్తులు ఆయనను గుర్తించే పరిస్థితి తెచ్చాము. ఇది పూర్తిగా మా పొరపాటు...”

“పాట సంగతి ఎందుకన్నా?” అంది నిహారిక ముక్కు తుడుచుకుంటూ.

“ఏం తప్పయ్యిందో చెప్పకుంటే అది మాఫీ అడిగినట్టెట్ల అయితది? దాస్తున్నరు అంటరు. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పుడే జవాబుదారి.”

“జవాబుదారి అంటే జిమ్మ అన్నట్టేనా?” అని అడిగింది సాయిలత.

“గదే అక్కా. కొంచెం పెద్ద మాట.”

“మరి పిలగాన్ని అడగద్దా?”

బాలకృష్ణ ఫోను తీసి చూపించాడు. మంగళవారం నుంచి పంపిన ఏడు మెసేజీలు, అన్నింటికీ ఒక్కటే టిక్కు. “ఫోన్ బందున్నది. ఏం జెయ్యాలె? ఐదైతే మల్ల మొదలువెడ్తరు.”

ఎల్లారెడ్డికి బస్సులో గంటన్నర ప్రయాణం. హైదరాబాదుకు జవాబివ్వడం ఒక్క నిమిషం పని. పోయి అడుగుదామని ముగ్గురిలో ఎవరూ అనలేదు. నిమిషం పనే ముందు పెట్టుకున్నారు.

బాలకృష్ణ చివరి వాక్యం చదివాడు. “పేజీ నిర్వహిస్తున్న వాలంటీరును బాధ్యతల నుంచి తప్పించాము.”

నిహారిక తలెత్తి సాయిలత వైపు చూసింది. పెట్టమన్నది నేనే అని సాయిలత ఒక్క మాట అంటే సరిపోయేది. సాయిలత ఆకుపచ్చ జాకెట్టు చేతిలోకి తీసుకుని, కనబడుతున్న సూదినే వెతికింది. తన పేరు బయటికొస్తే కింద దుకాణం వాడు ఊరుకోడు, గది ఖాళీ చేయిస్తాడు, అర్ర పోతే ఈ పిల్లలందరూ ఎక్కడ కూర్చుంటారు అనుకుంది. అది నిజమే. సాకు కూడా అదే. నిహారిక తల దించుకుని, తనను తప్పించిన ప్రకటనను తన చేత్తోనే పేజీలో పెట్టింది. పేజీ తాళం ఆమె దగ్గరే ఉంది మరి.

శుక్రవారమంతా మెచ్చుకోళ్లు కురిశాయి. చిన్న ఊళ్లో ఉండి ఎంత నిజాయితీ అన్నారు. క్షమాపణ అంటే ఇలా ఉండాలి, అందరూ నేర్చుకోండి అని హైదరాబాదు స్నేహితుడే రాశాడు. బాలకృష్ణ దాన్ని అర్ర గ్రూపులో పెట్టి కింద రెండు దండాలు పెట్టాడు. సాయిలత మూడు రోజుల తర్వాత అన్నం వండుకుంది, పచ్చిపులుసు కలుపుకుని కడుపునిండా తిన్నది. ఆ తిన్న తిండిని తర్వాత చాలా రోజులు ఆమె మరచిపోలేదు.

సాయంత్రం నాలుగింటికి ప్రకటన కింద ఒక కామెంటు వచ్చింది. రాసినవాడికి ఫోటో లేదు. ‘మా ఊరి శ్రావణ్ గాడే. పెద్దవ్వ మనుమడు. ఇన్నొద్దులు మా పాట కాదన్నరు, ఇప్పుడు వీళ్లే రాసిచ్చిన్రు.’ పక్కన వరసగా నవ్వే బొమ్మలు. నిహారిక పది నిమిషాల్లో దాన్ని తీసేసింది. ఆ పది నిమిషాలు ఊరికి చాలు.

తీసేశాక సాయిలతకు ఫోన్ చేసి అడిగింది. “ఇన్నొద్దులు కాదన్నరు అంటే ఏందక్కా? కాదన్నది ఎవరు?”

శనివారం పొద్దున సాయిలత బీరువా అడుగు నుంచి ఒక సంచి తీసింది. నెల కింద శ్రావణ్ తెచ్చిచ్చిన సంచి అది. అందులో కొలతకు వాళ్లమ్మ పాత ఆది జాకెట్టు, కొత్తగా కొన్న మెరూన్ గుడ్డ. ‘మా అమ్మకు పండుగకు అక్కా’ అన్నాడు. ఎవరి దగ్గర కుట్టిస్తున్నాడో ఇంట్లో చెప్పి ఉండడు. ఆది జాకెట్టు చంకల దగ్గర రెండుసార్లు విప్పి కుట్టి ఉంది. సాయిలత గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరించి, రెండు గంటల్లో కుట్టేసింది. హుక్కులు మాత్రం బస్సులో కూర్చుని వేసింది.

కండక్టరు ఆధార్ చూపించమన్నాడు. అది చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. ఆమె కార్డులో పాత పేరే ఉంది, పాత ముఖమే ఉంది. కార్డు తీయకుండా ఎల్లారెడ్డికి టికెట్ కొట్టమంది. “ఉట్టిగ పోయేదానికి టికెట్ ఎందుకమ్మా?” అన్నాడు. “మర్చిపోయొచ్చిన” అంది. పేరు దాచుకోవడం ఇంత బాగా తెలిసినదానికి, ఇంకొకరి పేరు కాపాడటం తెలియలేదే అని తన మీద తనకే అసహ్యం వేసింది. లింగంపేట దాటాక రోడ్డుకు ఒక పక్కంతా మక్కలు ఎండబోశారు. బస్సు వాటిని తప్పించుకుంటూ నెమ్మదిగా పోయింది.

ఎరువుల దుకాణంలో యూరియా బస్తాల మీద కూర్చున్న యజమాని శ్రావణ్ పేరు వినగానే ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. “నిన్నటి సంది వస్తలేడు. ఇగ రాడు గూడ. మాకు రైతులొస్తరమ్మా, నలుగురు నాలుగు తీర్ల మాట్లాడ్తరు” అన్నాడు. ఆటో ఎక్కి ఊరి పేరు చెబితే ఆటో అతను అద్దంలో ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఆ వాడకట్టులో ఇండ్ల ముందు ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. శ్రావణ్ తల్లి సాలవ్వ తన గడప పక్కన ఒంటరిగా కూర్చుంది. పండుగ పూట నలుగురు కూడి చేసుకునే పనికి ఆమె పక్కన ఒక్కరూ లేరు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకులు. యాభై ఏళ్లుంటాయి. తల ఎత్తకుండానే, “ఎవరు గావాలె?” అంది.

“రైక తెచ్చినక్కా. కామారెడ్డి నుంచి. మీ శ్రావణ్ ఇచ్చిండు కుట్టుమని.”

సాలవ్వ వేళ్లు ఆగాయి. ఎదురింటి ఆమె తన చాట పక్కన పెట్టి అరుగు దిగింది. “ఎవలే సాలవ్వా?” అని అడిగింది.

“రైక కుట్టేటామె” అంది సాలవ్వ గట్టిగా. ఆపైన లోగొంతుతో, “వచ్చి గిక్కడ కూసో” అంది సాయిలతతో.

జాకెట్టు విప్పి చూసింది. చంకల దగ్గర వేలు పెట్టి లాగి చూసింది, లోపలి కుట్టు తిరగేసి చూసింది. మడిచి పక్కన పెట్టుకుంది. “నువ్వు గా అర్ర ఆమెవేనా?”

“అవునక్కా.”

“ఎందుకొచ్చినవ్ ఇప్పుడు?”

“శ్రావణ్ ఎట్లున్నడో చూద్దామని.”

“లేడు. పెద్దకొడప్‌గల్‌కు పోయిండు, మా ఆడిబిడ్డ ఇంటికి.”

గడప పక్కన నల్ల చెప్పుల జత ఉంది. ఎడమ చెప్పుకు పట్టీ తెగితే పోయిన ఆదివారం సాయిలతే తోలు సూదితో కుట్టిచ్చింది. ఆ కుట్టు ఆమెకు కనబడుతూనే ఉంది. లోపల చీకటి గదిలోంచి ఎవరో దగ్గారు. సాయిలత చెప్పుల మీంచి చూపు తిప్పుకుంది.

సాలవ్వ మళ్లీ ఆకు తీసుకుంది. తంబాకు చల్లి, చుట్టి, కొస మడిచి, దారం వేసింది. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు.

“సోమారం పొద్దుగాల్నే ఆడోళ్లంత ఫోను పట్టుకోనొచ్చిన్రు. సాలవ్వా, గిది మీ అత్త పాట గాదే అన్నరు. ఇన్న. నా కొడుకు గొంతు నాకు ఎర్క లేదా? వాడు కొడుకు అన్నడు. ఇరవై ఏండ్ల సంది నాకు సమజు గానిదంత గా ఒక్క మాటకు సమజైంది. పానం జల్లుమన్నది. ఏం జేసినో ఎర్కేనా? నవ్విన.”

“నవ్విన్రా?”

“నవ్విన. మా అత్త కోడలు అంటుండె గదనే, గీడెవడో కొడుకు అంటున్నడు, ఎవడో మా పాట ఎత్తుకపోయి ఖరాబు జేసిండు అన్న. మంగళారం గదే అన్న, బుధారం గదే అన్న. పోశమ్మ మీద ఒట్టు గూడ వెట్టుకున్న. సగం మంది నమ్మిన్రు. నమ్మనోళ్లు గూడ నా మొఖం జూసి ఊకున్నరు. ఆయినకు గూడ గదే చెప్పిన, ఆయినా నమ్మిండు. పండుగయిపోతే అందరు మరిచిపోదురు.”

కత్తెర తీసి ఆకు అంచు కత్తిరించింది.

“గప్పుడు మీ కాయిదమొచ్చింది. కోడలును కొడుకు జేసింది వాడే అని రాసిన్రు. అదే ఆడోళ్లు వచ్చి నాకు చదివి ఇనిపిచ్చిన్రు. నేను నాలుగొద్దులు వాడకట్టంత తిరిగి ఆడిన అబద్ధాన్ని మీరు ఒక్క దినంల తీసి బజార్ల వెట్టిన్రు. నిన్న మాపటికి ఆయిన కట్టె వట్టిండు. అడ్డం పోతె నాక్కూడ తాకింది.”

మణికట్టు పైన కమిలి నల్లబడిన గుర్తు ఉంది. “తప్పు ఒప్పుకుంటే మంచిదనుకున్నమక్కా” అంది సాయిలత.

“ఒప్పుకున్నరు, మంచిగనే ఉన్నది. మీ చేతులు మీరు కడుక్కున్నరు. గా నీళ్లన్ని నా వాకిట్ల పడ్డయి. వాన్ని అడిగిన్రా? నన్నడిగిన్రా? పిలగాడు ఎవని జిమ్మ ఉండె మీ దగ్గర?”

సాయిలత తల వంచుకుంది. ఏడుపొచ్చింది, ఏడవడానికి ఇక్కడ తనకు హక్కు లేదనిపించి మింగేసింది. “నా జిమ్మనే ఉండెనక్కా. వీడియో పెట్టుమన్నది నేనే.”

సాలవ్వ మొదటిసారి ఆమె ముఖంలోకి తిన్నగా చూసింది. తిడుతుందనుకుంది సాయిలత. తిట్టలేదు.

“గా పాట ఉన్నదా ఫోన్ల?”

“ఉన్నది.”

“వెట్టు. మెల్లగ వెట్టు. గప్పుడు నలుగుట్ల ఇన్న. నవ్వుకుంట ఇనాల్సొచ్చింది.”

సాయిలత చప్పుడు బాగా తగ్గించి ఫోను చాటలో తంబాకు పక్కన పెట్టింది. చెరుకు తోట గట్టు మీద ఉయ్యాలో. బంతిపువ్వు ముఖం పాడుతోంది. సాలవ్వ చేతులు ఇప్పుడు ఆగాయి. లోపలి దగ్గు కూడా ఆగింది. చెప్పుల్లేని కొడుకు అన్నచోట ఆమె కళ్లు మూసుకుంది, ముల్లు గుచ్చుకున్నచోట పెదవులు కదిలాయి, గొంతు మాత్రం బయటికి రాలేదు. పాట అయిపోయాక, చాటలో పడిన కన్నీటి చుక్క తంబాకును ఎక్కడ తడిపిందో చూసి ఆ చిటికెడు ఏరి పారేసింది.

“తీసెయ్యి. పాట తీసెయ్యి, మీ కాయిదం గూడ తీసెయ్యి.”

సాయిలత అక్కడే కూర్చుని నిహారికకు ఫోన్ చేసింది. రెండూ తీసేయమంది.

“అక్కా, మాఫీ అడిగింది తీసేస్తే మనల్ని బతకనియ్యరు. పారిపోయిన్రంటరు.”

“అననీ బిడ్డా. తీసెయ్యి. ఇంకో మాట. గా పొద్దు పెట్టుమన్నది నేను. మొన్న నువ్వు నా దిక్కు జూస్తే నోరు తెర్వలే. తప్పు నాది.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత, “తీసేసిన అక్కా” అంది నిహారిక.

సాలవ్వ లేచి చీర మీద పడిన ఆకు ముక్కలు దులుపుకుంది. “ఇగ మల్ల రావద్దు చెల్లే. ఫోను గూడ చెయ్యొద్దు. ఆయిన వచ్చే యాల్లయింది” అంది. పదడుగులు నడిచాక వెనక నుంచి ఎదురింటివాళ్లకు వినబడేలా అరిచింది, “రైక మంచిగ కుదిరిందమ్మా!”

సోమవారం సద్దుల బతుకమ్మ. అర్రకు ఎప్పుడూ వచ్చేవాళ్లలో సగం మంది రాలేదు. వచ్చిన నలుగురూ పూలు తేలేదు. పేజీలో శనివారం సాయంత్రం నుంచే మంట రేగింది. క్షమాపణ దాచేశారు. మెప్పులు రాగానే తప్పు మరచిపోయారు. హైదరాబాదు స్నేహితుడు మొన్న తాను మెచ్చుకున్నందుకు తనే క్షమాపణ చెప్పుకుని, ఈ గుంపును ఎవరూ నమ్మొద్దని రాశాడు.

“ఎందుకు తీసినమో రెండే ముక్కలు రాస్త అక్కా. వాళ్లమ్మే తీసెయ్యమన్నదని. ఒక్కసారి గది రాస్తే అందరి నోళ్లు మూతవడ్తయి” అని నిన్న ఆదివారం అన్నాడు బాలకృష్ణ. పాపం, అతని ముఖం పీక్కుపోయింది. కాలేజీలో కూడా ఎవరో ఏదో అన్నారట.

“ఆమె మాట ఎత్తకు.”

“మరి ఏం రాయాలె?”

“పెట్టుమన్నది సాయిలత, జాకెట్లు కుట్టే సాయిలత అని రాయి. నిహారికది తప్పు లేదని రాయి. అంతకన్న ఒక్క అక్షరం ఎక్కువ రాయొద్దు.”

నిన్ననే అలా రాశారు. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఇవాళ పొద్దున ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఇంకా కత్తెర పడని గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. దుకాణం అతను మెట్ల దగ్గర నిలబడి వచ్చేనెల సంగతి మాట్లాడదామన్నాడు. సాయిలత తల ఊపి పైకొచ్చింది. ఆకుపచ్చ జాకెట్టుకు రెండో చెయ్యి అతికించింది.

పొద్దు వాలుతుండగా వీధుల్లోంచి పాటలు మొదలయ్యాయి. నిహారిక కాజాలు వేయడం నేర్చుకుంటానని ఒక ముక్క గుడ్డ పట్టుకుని కూర్చుంది. అప్పుడు సాయిలత ఫోను మోగింది. తెలియని నంబరు. తిట్టేవాళ్లు ఫోన్లు కూడా చేస్తున్నారు కాబట్టి తీసి, ఏమీ అనకుండా చెవికి పెట్టుకుంది.

అవతల ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి వినబడుతోంది. ఆ ఊపిరి వెనక, కొంచెం దూరంగా, ఆడవాళ్ల చప్పట్లు, ఉయ్యాలో ఉయ్యాలో. కిటికీ లోపలి నుంచి ఎవరో వీధి పాట వినిపిస్తున్నట్టుంది. పలకరించబోయి, ఫోను చెయ్యొద్దన్న మాట గుర్తొచ్చి సాయిలత నోరు గట్టిగా మూసుకుంది.

ఒక పాట అయిపోయింది. ఎవరో కొత్త పాట ఎత్తుకున్నారు. పాడటం అలవాటు లేని గొంతు, కొంచెం బొంగురుగా ఉంది.

చెరుకు తోట గట్టు మీద ఉయ్యాలో.

సాలవ్వ గొంతు. చప్పట్లు ఇంకా పడుతున్నాయి.

చెప్పుల్లేని కొడుకు నడిచె ఉయ్యాలో.

చప్పట్లు ఆగిపోయాయి. సాయిలత మిషను మీద చెయ్యి ఆనించి నిలబడింది. కోడలు అనలేదు. వాడకట్టు మొత్తం ఎదుట నిలబడి కొడుకు అంది. పోశమ్మ మీద ఒట్టుపెట్టి తనది కాదన్న పాటను తన నోటనే ఎత్తుకుంది. ఇక ఆ మాట ఎవరిదని అడిగేవాళ్లు ముందు ఆమెనే అడగాలి. ముల్లు గుచ్చుకున్న గాని ఉయ్యాలో అని ఆమె పాడి ఆగింది. అక్కడ అందరూ అందుకోవాలి, ఒక్కరూ అందుకోలేదు. ఆ ఖాళీ దాటి ఆమె తర్వాతి వరస తనే పాడింది. చివరిదాకా ఒక్కతే పాడింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు.

ఫోనులో ఊపిరి ఒక్కసారి ఎగిసింది. ఫోను పెట్టేశారు.

బాలకృష్ణ తలెత్తాడు. “ఎవరక్కా? శ్రావణా? మంచిగున్నడా? మంచిగున్నడంటే ఒక్క ముక్క రాస్త, మన మీద ఇంత...”

సాయిలత ఫోనులోంచి ఆ నంబరు తీసేసింది. కూర్చుని, కాలు మిషను పెడలు మీద పెట్టింది.

“రాంగ్ నంబరు” అంది.